తెరచాప పడవకు గని తాడు

రిటైర్ కావడానికి ముందు నా చివరి పోస్టింగ్ పాల్వంచ దగ్గరి అడవిలో ఉన్న ఒక జలాశయం మీద పడింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో వెళ్లి చేరాను. హోదా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, మెకానికల్. గేట్లు, పంపులు, జనరేటర్లు నా బాధ్యత అని ఆర్డరులో ఉంది. ఒక చిన్న తెరచాప పడవ కూడా నా నెత్తిన పడుతుందని అందులో లేదు. నాకు ఈత రాదు. ఆ సంగతి ఎవరూ అడగనూ లేదు.

జలాశయం అవతలి ఒడ్డున నీటిమట్టం కొలిచే గది ఒకటుంది. అక్కడ ఇద్దరు కాపలాదారులు ఉంటారు. వానాకాలంలో వాగు పొంగి అడవి బాట తెగిపోతే, వాళ్లకు బియ్యం అందాలన్నా, జ్వరం వస్తే దవాఖానకు తేవాలన్నా ఆ పడవ ఒక్కటే దారి. అభయారణ్యం కాబట్టి ఇంజను పడవకు అనుమతి లేదు. తెడ్లతో అంత దూరం లాగేసరికి మనిషి చేతులు పడిపోతాయి. అందుకే తెరచాప.

మరమ్మతులన్నీ ఎండాకాలంలోనే. పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, ఆరనిచ్చి, పలకల సందుల్లో పాత పీచు తీసి కొత్తది కూరి తారు పూయాలి. ఆ ఏడు దానికి తోడు ఇంకో పని పెట్టుకున్నాం. తెరచాప స్తంభాన్ని రెండు పక్కలా, ముందువైపూ పట్టి ఉంచే నైలాన్ తాళ్లు ఎండకు పెళుసెక్కాయి. అంతకుముందు వానాకాలంలో ఒకటి గాలికి తెగింది కూడా. వాటి బదులు ఉక్కు తాళ్లు వేసి, ఒక్కో తాడు అడుగున టర్న్‌బకిల్ బిగించాలని నిర్ణయించాను. టర్న్‌బకిల్ అంటే రెండు కొసలా మరలున్న చిన్న చట్రం. ఒకవైపు తిప్పితే తాడు బిగుస్తుంది, రెండోవైపు తిప్పితే వదులవుతుంది.

ఆ పని ఓదేలుకు అప్పగించాను. బొగ్గు గనిలో తాళ్ల ఫిట్టరుగా చేసి రిటైరై, మా వర్క్‌షాపులో కాంట్రాక్టు మీద చేరిన మనిషి. గనిలో బొగ్గు తొట్లను ఏటవాలు మీద పైకి లాగేది ఉక్కు తాడే. అది వదులైందంటే తొట్టి వెనక్కి జారుతుంది, ఆ కుదుపుకు తాడు తెగుతుంది. కింద ఉన్నవాళ్ల గతి చెప్పక్కర్లేదు. అలా పోయిన తోటివాణ్ని ఓదేలు కళ్లారా చూశాడు. వదులు తాడు కనిపిస్తే ఆయనకు అన్నం సయించదు.

మూడు తాళ్లూ బిగించి వేలితో మీటాడు. ఖంగుమని మోగాయి. పడవ నడిపే సమ్మయ్య, అక్కడి గూడెం మనిషి, నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అన్నా, గిప్పుడు దీంతోని భజన గూడ చేసుకోవచ్చు."

ఓదేలు నవ్వలేదు. నాకు మాత్రం ఆ బిగువు చూసి ముచ్చటేసింది.

తొలకరికి ముందు ట్రయల్ పెట్టాం. నిబంధన ప్రకారం పడవవాడూ ఇంజనీరూ ఉంటే చాలు. ఓదేలు తానూ ఎక్కుతానని పట్టుబట్టాడు.

"గనిల తాడు కట్టినోడే ముందుగాల దిగుతడు మేడం. గది మా కానూన్."

సరే రమ్మన్నాను. నడుముకు మరలు బిగించే పాన దోపుకొని ఎక్కి కూర్చున్నాడు. ముగ్గురం లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. ఆ నీళ్లలో మొసళ్లున్నాయి, వాటికి జాకెట్ల సంగతి పట్టదు.

సగం దూరం హాయిగా సాగింది. అప్పుడు గుట్టల వైపు నుంచి గాలి లేచింది. తెరచాప ఉబ్బి పడవ ఒక పక్కకు ఒరిగింది. నా చెప్పులు తడిశాయి. వంగి చూస్తే, స్తంభం కూర్చున్న దుంగ పక్కన, అడుగు పలకల సందులోంచి నీళ్లు ఊరుతున్నాయి. బకెట్ తీసుకొని తోడడం మొదలుపెట్టాను. తోడినకొద్దీ వస్తున్నాయి.

ఓదేలు చూపు నీళ్ల మీద లేదు. గాలి స్తంభాన్ని ఒకవైపు వంచినప్పుడు రెండోవైపు తాడు కాస్త వదులవుతుంది. అది పడవకు సహజమని మాకెవరికీ తోచలేదు. ఆ వదులు చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. పాన తీసి టర్న్‌బకిల్‌ను ఇంకా బిగించాడు. ఆయన ఒక చుట్టు తిప్పేసరికి నా కాళ్ల దగ్గర నీళ్లు బుస్సున ఎగిశాయి. ఇంకో చుట్టు తిప్పాడు. మళ్లీ ఎగిశాయి.

అప్పుడు నాకు అర్థమైంది. మూడు తాళ్లూ కలిసి స్తంభాన్ని కిందికి లాగుతున్నాయి. ఆ బరువంతా దుంగ మీద పడి అడుగు పలకలను విడదీస్తోంది. పడవను ముంచుతున్నది మా కొత్త తాళ్లే.

తాళ్లు వదులు చేయాలంటే ముందు స్తంభం మీద గాలి బరువు పోవాలి, అందుకని తెరచాప దించమన్నాను. సమ్మయ్య తల అడ్డంగా ఊపాడు.

"దించితే గాలి మనల్ని మోడుల మీదికి కొట్టుకపోతది మేడం."

జలాశయం కట్టినప్పుడు మునిగిన చెట్ల మోడులు అవి. తగిలితే పలక చీలుతుంది. ఆయన మాట నిజమే. అయినా దించమన్నాను, ఓదేలును తాళ్లు వదులు చేయమన్నాను. చాలా భయం వేసింది.

"తాడు వదిలితే మనుషులు పోతరు మేడం. నేను వదల."

వాదించే సమయం లేదు. ఆయన ఎడమచేతిని పట్టుకొని దుంగ పక్కన పలక మీద ఆనించాను. కుడిచేత్తో పానను అటూ ఇటూ కొంచెం తిప్పి చూడమన్నాను. తిప్పాడు. అరచేయి కింద పలక కదలడం ఆయనకు తెలిసింది.

"అవ్ మేడం," అన్నాడు మెల్లగా.

సమ్మయ్య తెరచాప దించాడు. పడవ మోడుల వైపు కొట్టుకుపోసాగింది. ఓదేలు ఒక పక్క కొంత, రెండో పక్క కొంత వదులు చేస్తూ పోయాడు. ఒక్కో చుట్టుకూ ఆయన కళ్లు మూసుకోవడం చూశాను. నీటి జోరు తగ్గింది. సమ్మయ్య ఒక తెడ్డు, ఓదేలు ఒక తెడ్డు పట్టారు, నేను తోడుతూనే ఉన్నాను. మొదటి మోడు పడవ పక్కను రాసుకుంటూ పోయింది, పలక చీలలేదు. ఒడ్డు తగిలాక ముగ్గురం కలిసి పడవను పైకి లాగాం.

తర్వాత దుంగ కింద బరువు పంచేలా వెడల్పాటి టేకు పలక వేయించాం. సందులు మళ్లీ కూరాం. ఉక్కు తాళ్లనే ఉంచి, చేత్తో నెడితే కాస్త లొంగేంత బిగువు పెట్టాం. వాగు పొంగిన వారంలోనే కాపలాదారుల్లో ఒకాయనకు చలిజ్వరం వస్తే, సమ్మయ్య ఆ పడవలోనే ఇవతలికి తెచ్చాడు.

పాత నైలాన్ తాడు సాగుతూ బరువును తనలోనే దాచుకునేది. ఉక్కు తాడు దాచుకోదు, పక్కదానికి అప్పగిస్తుంది. పాత వస్తువుకు కొత్త భాగం వేసేటప్పుడు ఆ భాగం ఎంత గట్టిదన్నది తర్వాతి ప్రశ్న. బరువు ఎవరి మీదికి పోతుందన్నది మొదటి ప్రశ్న.

ఆ ఏటి నుంచి మరమ్మతు చేసినవాడు కూడా ట్రయల్‌కు ఎక్కాలని నిబంధన పెట్టాను. ఓదేలు గని నుంచి తెచ్చిన బిగువును తీసేశాం, ఆయన కానూన్‌ను ఉంచుకున్నాం. ఆ రోజు ఆయన ఒడ్డునే ఉండి ఉంటే, తర్వాత ఎంత చెప్పినా ఆయన చేత తాళ్లు వదులు చేయించడం నా వల్ల అయ్యేది కాదు. చెయ్యి ఆ పలక మీద పెట్టాకే ఆయన నమ్మాడు.