ప్రమాణం మీద కొన్న గడ్డి మిషను

మొన్న ఆదివారం ఒకాయన, కొత్తగా ట్రాక్టరు కొన్నవాళ్ళకు ఉండే వెలుగు ముఖంతో మా షెడ్డులోకి వచ్చాడు. మూలనున్న రెండు ఇనుప సామాన్ల చుట్టూ తిరిగి, "ఇవి సెకండ్ హ్యాండా? యాడ కొన్నారు? ఎట్లా కొన్నారు?" అని అడిగాడు. యాడ అన్నదానికి పలమనేరు అని ఒక్క మాటలో చెప్పాను. ఎట్లా అన్నదానికి కుర్చీ వేయాల్సి వచ్చింది. ఇది మామూలు కథ కాదన్నాను. ఇందులో దేవుడి ముందు చేసిన ప్రమాణం ఉంది, ఏళ్ళుగా దాచిన రహస్యం ఉంది, గాల్లోకి లేచిన రథం ఉంది, తరుముకొస్తున్న గడువు ఉంది, కాండలు కాండలుగా రాయొచ్చు అన్నాను. ఆయన టీ తాగడం, నేను చెప్పడం ఒకేసారి పూర్తయ్యాయి. నిజానికి జరిగింది ఇది: మా నాయన మా చిన్న ట్రాక్టరుకు ఒక పాత గడ్డి కోసే మిషను, ఒక పాత లెవలింగ్ బ్లేడు కొన్నాడు. రథం అన్నది ఆ ట్రాక్టరే. లేచింది కూడా జానెడే.

నాలుగేళ్ళ కిందటి మాట. మా తోట బంగారుపాళ్యానికి అవతల, తారు రోడ్డు నుంచి అర కిలోమీటరు లోపలికి ఉంటుంది. మామిడి చెట్లు, ఒక పక్కన మేత జొన్న, షెడ్డులో నాలుగు ఆవులు. మామిడి నాయనది, ఆవులు అమ్మవి. ఈ పంపకం ఏ కాగితం మీదా లేదు కానీ, నాయన షెడ్డులోకి పోతే ఆవులు కూడా నీకేం పని ఇక్కడ అన్నట్టు చూస్తాయి. అమ్మ రోజూ పొద్దున్నే కొడవలి తీసుకుని పోయి మోపులు మోపులుగా మేత కోసుకొచ్చేది. ఆ ఏడు ఆమె కుడి మణికట్టు వాచింది. వావిలాకు కాపడం పెట్టింది, పక్కింటావిడ ఇచ్చిన పచ్చ తైలం పూసింది, రెండూ చాలక పాత చీర పేలిక చుట్టుకుని కోసింది. చివరికి చిత్తూరులో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈ చేత్తో ఇంక కొడవలి పట్టొద్దన్నాడు. "ఎడమ చెయ్యి బాగుండాది కదా సార్" అంది అమ్మ. డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీది ఎముకల పటం వైపు చూశాను.

కూలికి మనుషులు దొరకని కాలం. నాయన రెండు రోజులు ఆలోచించి, రెండు ఆవులను సంతకు తోలేద్దాం అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. మా ఇంట్లో అమ్మ ఏమీ అనకపోవడమంటే రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేయడం లాంటిది. ఆ పూట నుంచి మాకు రాగి సంగటిలోకి పల్చటి చారు, ఆవులకు మాత్రం రెండు పూటలా చిక్కటి కుడితి. బ్రోకరు వచ్చి రెండిటి పళ్ళూ చూసి, పది రోజుల్లో సంతకు బండి తెస్తానని చెప్పి పోయాడు. ఆ సాయంత్రం నాయన దూలం వైపు చూస్తూ, ట్రాక్టరుకు గడ్డి కోసే మిషను తగిలిస్తే అమ్మే పనే లేదు కదా అని దూలంతోనే అన్నాడు. దూలం జవాబు చెప్పలేదు. మరుసటి రోజు మాత్రం సంగటి పక్కన చెనిక్కాయలు నూరిన పచ్చడి, మా ఊరిబిండి, ప్రత్యక్షమైంది. దాంతో పాటే, దారి చదును చేసే లెవలింగ్ బ్లేడు సంగతీ తేలింది. వానకు మా మట్టిదారి గండ్లు పడి, పాల ఆటో తారు రోడ్డు దగ్గరే ఆగిపోయేది. అక్కడిదాకా క్యాను మోసేది కూడా ఆ వాచిన చెయ్యే.

ఇక్కడ మా ట్రాక్టరు గురించి చెప్పాలి. అది మామిడి కొమ్మల కింద దూరిపోయే చిన్న ట్రాక్టరు. ఊళ్ళో దాని పేరు బొమ్మ ట్రాక్టరు. పెద్ద ట్రాక్టర్లు నడిపే ఒకతను దారిలో ఆపి, "ఏమప్పా, దీనికి డీజిల్ పోస్తావా, పాలు పడతావా?" అని అడిగిన రోజు నాయన నవ్వేశాడు కానీ, ఆ రోజు నుంచి బయటి మనుషుల దగ్గర దాని కొలత చెప్పడం మానేశాడు. మాకూ ఒక ట్రాక్టరు ఉండాది అనేవాడు, అంతే. దాన్ని నడిపేది నేను. డిగ్రీ చదివి ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే, సీటు మీద కూర్చునే ఉద్యోగమే అని చెప్పేదాన్ని.

పాత సామాన్లు కొనడంలో నాయనకు ఒకటే సూత్రం: కొత్త రంగును నమ్మకూడదు. మొదట చూసిన రెండు చోట్లా మిషన్లు పెళ్ళికొడుకుల్లా మెరిసిపోతున్నాయి. నాయన గోటితో గీకి, కింద తుప్పు చూసి, మాట్లాడకుండా వచ్చేశాడు. మూడోది పలమనేరు దగ్గర, ఒక పెద్దాయన కొట్టంలో దొరికింది. ఆయన పాడి మానేసి టమాటాలోకి దిగాడు. పెద్ద ట్రాక్టరు కూడా అమ్మేశాడు. గడ్డి మిషను, బ్లేడు మిగిలాయి. రంగు అన్న మాటే లేదు, అంతా నిజాయితీ గల తుప్పు. రెండు డ్రమ్ములు ఎదురెదురుగా తిరిగి, మేతను కోసి నడుమ వరుసగా పడేసే రకం అది. నాయన డ్రమ్ము పట్టుకుని ఊపాడు, చెవి ఆనించి తిప్పాడు, గేరు బాక్సు మూత తీసి ఆయిల్ వాసన చూశాడు. వైద్యుడు నాడి చూసినట్టే ఉంది, రోగి మాత్రం మూడు క్వింటాళ్ళు. అంతా బాగానే ఉంది. అందుకే నాయనకు అనుమానం వచ్చింది.

"అన్నా, గేరు బాక్సు ఎప్పుడన్నా విప్పినావా?"

"లేదప్పా. నేను కొన్నప్పుడు ఎట్లుండాదో అట్లే ఉండాది."

"కాణిపాకంలో చెప్తావా ఆ మాట?"

మా వైపు ఈ ప్రశ్న పడిందంటే ఇంక వాదన ఉండదు. పొలం గట్ల తగాదాలు, దొంగతనాలు, మందు మానేస్తానన్న మాటలు, అన్నీ కాణిపాకం వినాయకుడి ముందుకే పోతాయి. కోనేట్లో మునిగి, తడి బట్టలతో నిలబడి అబద్ధం చెప్పే ధైర్యం మా జిల్లాలో ఎవరికీ లేదు. కానీ ఒక గేరు బాక్సు కోసం స్వామిని ఇబ్బంది పెట్టడం నాకు తెలిసి అదే మొదలు. పెద్దాయన కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "చెప్తా పదప్పా. నాకూ దర్శనం చేసుకుని శానా దినాలైంది" అన్నాడు.

రెండు రోజుల తర్వాత, పొద్దున చలిలో, పెద్దాయన తడి పంచెతో పళ్ళు టకటకలాడిస్తూ స్వామి ముందు నిలబడ్డాడు. ఏమేం చెప్పాలో మరిచిపోకుండా చీటీ రాసింది నేనే. గేరు బాక్సు విప్పలేదు, డ్రమ్ములకు ఎక్కడా అతుకు వేయలేదు, రెండూ తన సొంతం, దొంగ సొత్తు కాదు. మూడు మాటలూ ఆయన గట్టిగా చెప్పాడు. నాలుగోది రాయాలని నాకు తోచలేదు. బయటికొచ్చాక ఆయన ప్రసాదం తింటూ, "ఇంతకీ నీ ట్రాక్టరు ఏదప్పా?" అని అడిగాడు. "ఉండాదిలే అన్నా" అన్నాడు నాయన, ఎటో చూస్తూ. నేను నా లడ్డూ వైపు చూశాను. బెల్లం బాగా పట్టింది.

సామాన్లు టెంపోలో వచ్చేసరికి సంతకు ఇంకా మూడు రోజులుంది. బ్లేడు చక్కగా ఎక్కింది, అందుకే దాని గురించి చెప్పడానికేమీ లేదు. గడ్డి మిషను దగ్గర మొదలైంది. దాన్ని ట్రాక్టరుకు తగిలించే పిన్నులు పెద్దాయన తన పెద్ద ట్రాక్టరు కోసం వేయించుకున్న లావు పిన్నులు. మా ట్రాక్టరు వెనక ఉండే లిఫ్టు చేతుల రంధ్రాల్లోకి అవి సగం కూడా దూరలేదు. నాయన సుత్తి అందుకున్నాడు. సుత్తికి కూడా లొంగలేదు. చివరికి గొలుసులతో కట్టి, "ఎత్తు పాపా, సూద్దాం" అన్నాడు. నేను లివరు లాగాను. మిషను నేల మీదే ఉంది. ముందు చక్రాలు మాత్రం మెల్లగా, ఎంతో భక్తిగా పైకి లేచాయి. సీటు మీద నేను వెనక్కి వాలి, ఆకాశంలో ఒక కొంగను చూశాను. దించేశాను. నాయన బానెట్ మీద కూర్చుంటానన్నాడు. అమ్మ వద్దని అనలేదు, చూసింది. ఆయన కూర్చోలేదు.

ఆ రోజంతా నాయన పెద్దాయన్ని తిడుతూనే ఉన్నాడు. ప్రమాణం చేసి మోసం చేసినాడు, తడి బట్టలతో చెప్పినాడు, దేవుడే సూసుకుంటాడు. అమ్మ పొయ్యి దగ్గర ఎడమ చేత్తో సంగటి గెలుకుతూ విన్నది. ఇన్ని రోజుల తర్వాత నాయనతో నేరుగా అన్న మొదటి మాట అప్పుడే అన్నది.

"ఆయప్ప చేత ప్రమాణం చేయించినావే, నీ ట్రాక్టరు ఎంతో నువ్వు చెప్పినావా?"

నాయన చెయ్యి కడుక్కున్నాడు, ఇంకా అన్నం ముట్టకుండానే. ఫోను తీసుకుని గడ్డివామి వెనక్కి పోయాడు. మా ఇంట్లో గోప్యమైన మాటలన్నీ అక్కడే మాట్లాడతాం, ఎందుకంటే అక్కడ మాట్లాడితే వంటింట్లోకి అన్నీ వినిపిస్తాయి. చాలాసేపు సంత గురించి, టమాటా గురించి, వాన గురించి మాట్లాడాడు. తర్వాత గొంతు తగ్గించి, "అన్నా, మాది చిన్నది" అన్నాడు. అవతల ఏమన్నాడో తెలియదు. "శానా చిన్నదన్నా" అన్నాడు. అవతలి నుంచి ఇంకేదో ప్రశ్న. "ఆ, అదే. బొమ్మ ట్రాక్టరు." నేను జోకులేసి బతికే మనిషిని. ఆ మాట ఆయన నోటి వెంట వచ్చినప్పుడు మాత్రం ఒక్కటీ తోచలేదు. అమ్మ సంగటి ముద్దను అదనంగా రెండు సార్లు తిప్పింది.

మరుసటి రోజు పదకొండు గంటల బస్సుకు పెద్దాయన దిగాడు, ఒక భుజం మీద బియ్యం సంచి, ఇంకో చేత్తో నాలుగు ఇనుప బిళ్ళలు కట్టిన గోతాము ఈడ్చుకుంటూ. సంచిలో మిషనుతో పాటు వచ్చిన అసలు సన్న పిన్నులు. గోతాములో, ముందు చక్రాలు లేవకుండా ఆయన పాత ట్రాక్టరు మూతికి తగిలించిన బరువులు. వస్తూనే మా ట్రాక్టరు చుట్టూ తిరిగాడు. నాయన బానెట్ మీద లేని దుమ్ము తుడిచాడు.

"ముద్దుగుండాదప్పా. ఈ పాపేనా నడిపేది?"

"అవునన్నా."

"కాణిపాకంలోనే చెప్పింటే సంచి టెంపోలోనే పంపించింటినే. పిన్నులు మార్చిన సంగతి నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. సామి కాడ మూడు మాటలు చెప్పి నాలుగోది మింగితే అది కూడా అబద్ధమే అయితాదేమో అని నాకు తెల్లార్లూ నిద్ర లేదు. మింగింది నువ్వంట! ఇప్పుడు హాయిగుండాది."

నాయన నవ్వాడు. బొమ్మ ట్రాక్టరని పేరు పడిన తర్వాత ఆయన ఆ విషయంలో నిజంగా నవ్వడం అదే మొదలు. ఇద్దరూ చొక్కాలు విప్పి పని మొదలుపెట్టారు. పిన్నులు మార్చారు, ముందు బంపరుకు బోల్టులేసి బరువులు బిగించారు, ప్రతి బోల్టు దగ్గరా ఒకరు అతి తెలివి, ఇంకొకరు అతి జాగ్రత్త అని పోట్లాడుకున్నారు. మధ్యాహ్నం పెద్దాయన మూడు ముద్దలు తిని, ఊరిబిండికి ఇంకో ప్రమాణం చేయమన్నా చేస్తానన్నాడు. సాయంత్రం నేను లివరు లాగాను. ఈసారి మిషను లేచింది, నేను కూడా మామూలుగానే కూర్చుని ఉన్నాను. కొంగలు కనబడలేదు.

మేత జొన్న చేలో మొదటి సాలు కోశాను. డ్రమ్ముల హోరు, పచ్చి జొన్న తీపి వాసన, వెనక ఒక వరుసలో పడుకున్న మేత. అమ్మ నా వెనకే నడిచింది. ఒంగి, ఎడమ చేత్తో ఒక గుప్పెడు తీసి, కోసిన చోట వేలితో తడిమి చూసింది. ముప్పై ఏళ్ళు కొడవలితో కోసిన మనిషి తీర్పు కోసం ముగ్గురం నిలబడ్డాం. "మొదలు రోంత పైకి కోస్తా ఉండాది" అంది. పెద్దాయన వెంటనే మోకాళ్ళ మీద కూర్చుని ఎత్తు సరిచేశాడు. రెండో సాలు చూసి ఆమె ఏమీ అనలేదు. నాయన కంగారుపడ్డాడు. అప్పుడామె కొంగుతో చేతులు తుడుచుకుని, "ఆ బ్రోకరుకు ఫోను చెయ్. బండి తేవద్దని చెప్పు" అంది. మోపు ఎత్తుకుని షెడ్డు వైపు పోబోయి ఆగి, దాన్ని నాయన నెత్తి మీద పెట్టింది. ఆవులు ఆయన్ని చూసి ఆశ్చర్యపోయి ఉండాలి. పెద్దాయన బస్సుకు టైమైపోయిందని నేను అటు పోయాను, చూడలేదు.

ఇప్పుడు అమ్మ మణికట్టు మీద వాపు లేదు, చలికాలంలో కొంచెం లాగుతుందంతే. పాల ఆటో షెడ్డు దాకా వస్తుంది. పెద్దాయన నెలకొకసారి ఫోను చేసి, ముందు మిషను ఆరోగ్యం, తర్వాత మా ఆరోగ్యం అడుగుతాడు. కాలం అన్నిటినీ అరగదీస్తుంది అని ఇక్కడ ఒక గంభీరమైన వాక్యం రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. అరగదీసే మాట నిజమే: కోత బ్లేడ్లు నాలుగు రోజుల పనికి ఒకసారి తిప్పి బిగించుకోవాలి, గేరు బాక్సులో తొంభై నంబరు ఆయిల్ ఏడాదికొకసారి మార్చాలి.