కింది అర మీద పేరు

సీసాలక్క ప్రిన్సిపాల్ బల్ల మీద ఒక్కటి చరిస్తే దాని మీది అద్దం పగిలిందనీ, ఆ చప్పుడుకి రెండో అంతస్తులో సుద్దముక్కలన్నీ పొడైపోయాయనీ కాలేజీ అంతా చెప్పుకుంటారు. చూశామన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అద్దం పగిలిన మాట నిజం. ఎవరు పగలగొట్టారని అడిగితే పక్కవాణ్ణి అడగమంటారు.

సీసాలక్క అంటే కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరు. ఇరవై ఆరేళ్లుగా గాజు సీసాలు కడిగి కడిగి వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. హాజరు వేసే వేలిముద్రల మిషను ఆమెని మనిషిగానే ఒప్పుకోదు. మోకాళ్లు ఆమెకంటే ముందే రిటైరయ్యాయి. అందుకని శనివారం శనివారం ల్యాబులో పేర్ల చీటీలంటించిన పిల్లల అరలు తుడిచేటప్పుడు పై వరస చేత్తో, కింది వరస కాలితో. తడిగుడ్డ మీద పాదం పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క లాగుడు. కిందికి చూడడమనే ముచ్చటే లేదు.

ఓ మంగళవారం ప్రిన్సిపాల్ గదిలో విచారణ జరిగింది. సీసాలక్కని పిలిచింది మంచినీళ్లు అందించడానికి. లోపల ప్రిన్సిపాల్ పక్కన లెక్కల మేడమ్, ఎదురుగా ఇద్దరమ్మాయిలున్నారు. ఒకమ్మాయి ఏడాది మధ్యలో చేరింది. ఏడ్చి ఏడ్చి ముక్కు టమాటా అయింది. రెండో అమ్మాయి ల్యాబులో ఆమె జోడీ. కొత్తమ్మాయి అర మీద పేరు, తను మళ్లీ మళ్లీ రాసుకున్నా, ఆరు వారాలుగా ప్రతి సోమవారానికీ మాయం. సరిగ్గా దాని పైన ఉన్న జోడీ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. పైగా జోడీ ఓసారి, "ఇంకో వారం చూడు, నువ్వే మాయమైపోతావ్" అని నవ్విందట. అప్పట్నుంచి కొత్తమ్మాయికి తిండి లేదు, నిద్ర లేదు, కాలేజీ అంటే గుండెదడ.

"తోటిపిల్లని మానసికంగా హింసించావు. ప్రాక్టికల్ పరీక్షకి నిన్ను కూర్చోనివ్వం," అన్నాడు ప్రిన్సిపాల్. అంటే ఏడాదంతా బూడిదే.

"నేను చెరపలేదు సార్," అంది జోడీ, వందోసారి.

సీసాలక్క గ్లాసులు బల్ల మీద పెట్టేసింది. కింది అర. సోమవారం. ఆ పిల్ల పేరు చీటీ అంటించింది తనే. ఆ రోజు టేపు అయిపోయిందని సిరాతో పేరు రాసి, జిగురు పూసి వదిలేసింది. మిగతా చీటీలన్నిటికీ పైన టేపుంది. నోరు మూసుకుంటే నాలుగు నెలల్లో దర్జాగా రిటైరవ్వొచ్చు. తెరిస్తే మెమో.

"సార్, చెరిపింది ఈ పిల్ల కాదు. నా కాలు."

"ఏంటమ్మా?"

"కాలు సార్. కుడిది."

అందరూ ల్యాబుకి కదిలారు. సీసాలక్క కొత్త చీటీ మీద సిరాతో పేరు రాసి అంటించింది, తడిగుడ్డ మీద కాలు పెట్టి లాగింది. కొత్తమ్మాయి పేరు నీలం నీళ్లై కారిపోయింది. వంగి చూసిన ప్రిన్సిపాల్ తిరిగి లేవడానికి పావుగంట పట్టింది. ఎందుకు కాలితో తుడుస్తున్నావని ఆయన మరి అడగలేదు.

లెక్కల మేడమ్ మాత్రం వదల్లేదు. "మరి మాయమైపోతావన్న మాటో?"

"అది ఎకసెక్కెం మేడమ్. తప్పే. ఏమ్మా, తప్పా కాదా?"

జోడీ తల దించుకుంది. "తప్పే అక్కా. పేరు పోవడం చూశాను. మళ్లీ రాసిపెట్టాల్సింది. నవ్వాను."

"విన్నారుగా. దానికి సారీ చెప్పించండి. చెరపని పేరుకి పరీక్ష ఆపడమేంటి? ఆ పిల్లతో సరిగ్గా మాట్లాడలేదంటారా, మాట్లాడకపోవడమే హింసైతే మా ఆయన పాతికేళ్లుగా జైల్లో ఉండాలి."

కొత్తమ్మాయి చీదుతూనే ఫక్కున నవ్వేసింది. జోడీ సారీ చెప్పింది. పరీక్షకి కూర్చోమన్నారు. సీసాలక్కకి మెమో వచ్చిందనీ, చించేసిందనీ, నమిలి మింగేసిందనీ మూడు రకాలుగా చెప్పుకుంటారు.

తర్వాత ఎవరో ఇదంతా నిజమేనా అని నేరుగా ఆమెనే అడిగారు. అప్పుడామె చిన్న పీట మీద కూర్చుని, కింది వరసలో ఓ చీటీకి ఏడో పొర టేపు అంటిస్తోంది.

"ఎవరు చెప్పారే నీకు? నీళ్లిచ్చి వచ్చేశాను, అంతే. అద్దం నేను వెళ్లేసరికే పగిలుంది. కాలితో తుడవడమా? ఛీ, పిల్లల పేర్లని ఎవరైనా కాలితో తుడుస్తారా?"