వెండెల్ సొంత మిషన్‌లో ఉన్న బోర్డు

ఆ మంగళవారం పొద్దున వెండెల్ క్రౌజ్ పెన్సిల్ వెనకున్న గులాబీ రబ్బరుతో ఒక మెమరీ బోర్డు అంచు తుడిచాడు. అంచు పొడవునా బంగారు పూత వేసిన సన్నటి రేకులుంటాయి. వాటికి వేలిముద్ర అంటినా కంప్యూటర్ మొరాయిస్తుందని ఆయన నమ్మకం. తుడిచి, ఊది, కిటికీ పక్కనున్న కంప్యూటర్ మిషన్‌లో మళ్లీ గుచ్చి, చెల్లెలి హెయిర్ డ్రయ్యర్‌తో దానిమీద వేడిగాలి పట్టాడు.

వంటింట్లోంచి చెల్లెలు లొరెయిన్ అరిచింది. "వెండీ! అది జుట్టుకి, నీ రేకుడబ్బాకి కాదు. నా దగ్గర జుట్టు చేయించుకునే మనిషొచ్చే వేళయింది."

"ఒక్క నిమిషం లోరీ, దీనికీ తలంటు పోశాను, ఆరాలి."

ఎంతకీ డ్రయ్యర్ ఆగలేదు. ఆవిడ తిట్టుకుంటూ గ్యారేజీలోకి వెళ్లేసరికి వెండెల్ కుర్చీలో ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. డ్రయ్యర్ నేలమీద పడి, ఆయన బూటు మీదికి వేడిగాలి ఊదుతోంది.

ఆ బోర్డు నెల్సన్ ఇబర్రా తయారుచేసింది.

ఇంటి కంప్యూటర్లు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒకటి కొన్నవాళ్లందరిదీ ఒకటే బాధ. దాంతోపాటు వచ్చే మెమరీ ఏ మూలకీ చాలదు. ఎవరెవరో తమ గ్యారేజీల్లో చేసి అమ్మే బోర్డులు తెచ్చి తగిలించుకోవాలి. పత్రికల్లో ప్రకటన చూస్తే ప్రతిదీ బంగారమే. ఇంటికొచ్చాక కొన్ని పొద్దున పనిచేసి మధ్యాహ్నానికి మతి తప్పేవి. ఏది కొనాలో చెప్పడానికి ఆ ఊరి కంప్యూటర్ క్లబ్బుకి వెండెల్ ఉండేవాడు. వృత్తి పియానోలు శృతి చేయడం. దేన్నీ తొందరపడి నమ్మే మనిషి కాదు. నెలకోసారి, బుధవారం మీటింగులో లేచి నిలబడి "కొనుక్కోండి" అనేవాడు, లేదా "వద్దు" అనేవాడు. కారణం అడిగితే కూర్చునేవాడు.

నెల్సన్ ఉద్యోగం మానేసి ఆ బోర్డు చేశాడు. అమ్ముడుపోనివి అతని భోజనాల బల్లమీద దొంతరలుగా పడి ఉంటే, భార్య పిల్లల్ని సోఫాలో కూర్చోబెట్టి అన్నం పెడుతోంది.

"పెద్దాయనా, నీ నోట ఆ మాట రాకపోతే నేను మళ్లీ పాత బాసు కాళ్లమీద పడాలి" అన్నాడు, వెండెల్ చేతికి బోర్డిస్తూ.

"నీ బాసు సంగతి దీనికి తెలీదు కదా నాయనా" అన్నాడు వెండెల్. అదే వాళ్లిద్దరి ఆఖరి మాట.

లొరెయిన్ ఫోన్ చేయగానే నెల్సన్ పరిగెత్తాడు. అప్పటికే అంబులెన్స్ వెళ్లిపోయింది. ఆవిడ గ్యారేజీ గుమ్మంలో నిలబడి, ఆపేసిన డ్రయ్యర్‌ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. "పోయాడు నెల్సన్. ఇప్పుడే మాట్లాడాడు, ఇప్పుడే..." అంటోంది. నెల్సన్ ఆవిడ భుజంమీద చెయ్యి వేశాడు గాని, కళ్లు మాత్రం గ్యారేజీలోకి పోయాయి. వెండెల్ పరీక్షలు చేసే మిషన్ వేరే ఉంది, బల్లమీద, మూత లేకుండా. అది ఖాళీగా ఉంది. తన బోర్డు కిటికీ పక్కన, వెండెల్ సొంత పనులు చేసుకునే మిషన్‌లో ఉంది. దీపాలు ఇంకా మినుకుమినుకుమంటున్నాయి.

నెగ్గింది, అనుకున్నాడు. ఒళ్లంతా సంతోషం పాకింది. ఎదురుగా ఆ ఖాళీ కుర్చీ. తన గుండె అలా ఎగిరినందుకు సిగ్గేసి అటునుంచి చూపు తిప్పుకున్నాడు.

మర్నాడు మీటింగులో వెండెల్ కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. చివరికి ఫిలిస్ అనే టీచరమ్మ కళ్లు తుడుచుకుని నెల్సన్‌ని అడిగింది. "అడక్కూడదేమో గాని, ఆయన నీ బోర్డు గురించి ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు. కానీ తన సొంత మిషన్‌లో పెట్టుకున్నాడు."

"ఇంక అనడానికేముంది?" అన్నారెవరో వెనకనుంచి. కొంటామని చేతులు లేచాయి. నెల వెళ్లకముందే నెల్సన్ భోజనాల బల్ల ఖాళీ అయింది.

ఆగస్టు ఎండలు ముదిరాక ఫిలిస్ ఫోన్ చేసింది. "ఏమయ్యా, కంప్యూటర్లో మా క్లాసు పిల్లల పేర్లలో ప్రశ్నార్థకాలు మొలుస్తున్నాయి! నేను అడగాల్సిన ప్రశ్నలు అదే అడిగేస్తోంది." నెల్సన్ నవ్వాడు. ఆ సాయంత్రానికి మరో ముగ్గురు చేశారు. వాళ్లెవరూ నవ్వించలేదు.

వెండెల్ దగ్గరున్నది మాత్రం బాగానే పనిచేసి ఉండాలి, దాంతో పోల్చి చూద్దామని నెల్సన్ ఆ ఇంటికి వెళ్లాడు. లొరెయిన్ ఒకావిడ తలకి రంగు వేస్తోంది.

"లొరెయిన్ గారూ, కిటికీ దగ్గరి మిషన్‌లోంచి నా బోర్డు తీసుకెళ్తాను. ఆయన మెచ్చి పెట్టుకున్నది కదా, దాన్ని చూస్తే..."

ఆవిడ కుంచె ఆపి అతని వైపు చూసింది. "మెచ్చి పెట్టుకోవడమేంటి? మంచివి ఆయన దగ్గరెప్పుడున్నాయి? వద్దనుకున్నవే అందులో పెట్టేవాడు. నా డ్రయ్యర్‌తో వేడి పట్టి, జబ్బెక్కడుందో కనిపెట్టి, చేసినవాళ్లకి చెప్పేదాకా తీసేవాడు కాదు. నీది తను పోవడానికి ముందు ఆదివారమే అందులోకి మార్చాడు."