పన్నుకి మందేస్తే పెళ్ళి ఊడబోయింది

కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని సామెత. మా ఇంట్లో నేను పన్నుకి మందేస్తే పాతికేళ్ళ పెళ్ళి ఊడబోయింది. పన్నంటే నోట్లో పన్ను కాదండోయ్, ఆదాయప్పన్ను. ఊడబోయిన పెళ్ళి మా మావయ్యది. వైద్యం చేసింది బీకాం పాసై, లోకంలో లెక్కలన్నీ తన పమిట కొంగునే ఉన్నాయనుకున్న ఈ మహాతల్లి. కూర్చోండి, చెప్తాను. నవ్వొస్తే మొహమాటపడకండి. ఆరోజు ఏడ్చినవాళ్ళమే ఇప్పుడు చెప్పుకుని నవ్వుకుంటున్నాం.

మాది ఒడిశాలో కొడల. కాలేజీ చదువు కోసం నన్ను బరంపురం హల్దియాపదర్‌లో మావయ్య ఇంట్లో ఉంచారు. మావయ్యకి గంజాం దగ్గర మొగలిపువ్వుల అత్తరు తీసే బట్టీలో సూపర్‌వైజర్ ఉద్యోగం. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం బస్సులో వచ్చేవాడు. వీధి మలుపు తిరగ్గానే మొగలి వాసన ముందు ఇంట్లోకి వచ్చేది, ఆయన తర్వాత వచ్చేవాడు. అత్త తలైనా తిప్పకుండా, "ఒచ్చాడు మీ మావ, ఎసరెట్టు" అనేది. అత్త అప్పడాలు ఒత్తి అమ్మేది. మిద్దె మీద ఆరబోసిన అప్పడాలకి కాకుల కాపలా కాస్తూనే నేను బీకాం చదివాను. ఆ మిద్దె, ఆ ఎండ, ఆ రెండు వాసనలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం అటే లాగేస్తుంది.

ఒక ఆదివారం మావయ్య నన్ను మిద్దె మీదకి పిలిచి, కింద అత్త వినకుండా గొంతు తగ్గించాడు.

"గుంటా, ఈ ఏడు బోనసు కలిసిందని మా ఆఫీసోళ్ళు నా జీతంలోంచి టాక్సు కోసీసేరు. మాలాంటి సిన్న జీతగాళ్ళకి గవర్నమెంటు అది ఒగ్గేస్తాదట గదా? ఇదుగో, పేపర్లో ఏసేడు సూడు."

"దాన్ని రిబేటంటారు మావయ్యా. నువ్వు దిగులు పడకు. కోసిందంతా వెనక్కి రప్పిస్తాను."

"రప్పించు తల్లీ. మీ అత్తకి మాత్రం సెప్పకు. పెళ్ళప్పుడు దానికి బరంపురం పట్టుసీర కొంతానని మాటిచ్చినాను. పాతికేళ్ళయిపోనాది. ఈ పెళ్ళిరోజుకైనా సేతిలో ఎట్టాల. ముందే తెలిస్తే, సీరొద్దు గీరొద్దు, మినపప్పు కొనీ అంటాది."

ఆయన కళ్ళల్లో ఆశ చూస్తే, ఢిల్లీ దాకా నడిచెళ్ళయినా తెచ్చివ్వాలనిపించింది నాకు. నడిచెళ్ళినా బాగుండేది.

మావయ్య చూపించింది ఒడియా పేపరు. అందులో 'ఆయకర ఛాడ' అని పెద్దక్షరాలు. ఒడియాలో ఆయకర అంటే ఆదాయప్పన్ను, ఛాడ అంటే వదిలెయ్యడం. పన్నులో మినహాయింపూ ఛాడే, బట్టల కొట్లో డిస్కౌంటూ ఛాడే. ఇంతవరకూ నాకు తెలిసింది సరిగ్గానే తెలుసు. అక్కడ ఆగితే ఈ కథ లేదు. కానీ అప్పుడే నా బీకాం బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. మన దేశంలో పుడితే పత్రం, పోతే పత్రం. మరి పత్రం లేకుండా గవర్నమెంటు పన్ను వదిలేస్తుందా? వదలదు. కాబట్టి ఛాడకి ఓ పత్రం ఉండి తీరాలి. దాని పేరు ఛాడపత్రం అయ్యుండాలి!

ఇక చూడండి నా తెలివి. రిబేటని ఇంగ్లీషులో ఎవడైనా అడుగుతాడు, శుద్ధ ఒడియాలో అడిగితేనే మర్యాద అనుకున్నాను. వీధిలో నా ఒడియా గడగడా పరిగెడుతుంది. పేపర్లో ఒడియా వేరే తల్లి బిడ్డని నాకప్పటికి తెలీదు.

ఆ వచ్చే శనివారం పొద్దున్నే కోర్టు రోడ్డుకి వెళ్ళాను. అక్కడ టార్పాలిన్ల కింద అర్జీలు రాసిపెట్టేవాళ్ళు టైపు మిషన్లతో వరసగా కూర్చునేవాళ్ళు. వాళ్ళలో పెద్దమనిషిలా కనిపించిన ఒక బాబు ముందు నిలబడి, నెమ్మదిగా, స్పష్టంగా అన్నాను.

"మో మామూంకర ఛాడపత్ర దరకార్."

మా మావయ్యకి ఛాడపత్రం కావాలి అని. బాబు కళ్ళజోడు తీసి నన్ను జాలిగా చూశాడు. మిగతా సంభాషణ కూడా ఒడియాలోనే జరిగింది. మీకోసం తెలుగులో చెప్తాను.

"పెళ్ళయి ఎన్నేళ్ళయింది?"

పన్నుకీ పెళ్ళికీ ఏం సంబంధమని నాకు అనుమానం రావాలా వద్దా? రాలేదు. గవర్నమెంటు పనన్నాక పుట్టుమచ్చల దాకా అడుగుతారు కదా!

"పాతికేళ్ళు నిండబోతున్నాయి. ఆలోపే పనైపోవాలి బాబూ."

"అయ్యో! పిల్లలా?"

"లేరు. నేనే ఉన్నాను, మేనకోడల్ని."

"భార్యకి సంపాదన ఉందా?"

"అప్పడాలు చేసి అమ్ముతుంది. పెద్దగా ఏం మిగలదు."

"కలిసే ఉంటున్నారా?"

"లేదు, ఆయన గంజాంలో, ఆవిడ ఇక్కడ హల్దియాపదర్‌లో."

"మరి ఆవిడ ఒప్పుకుందా?"

"అసలు ఆవిడకి తెలీనే తెలీదు! తెలీకుండా పని కానిమ్మని మావయ్య గట్టిగా చెప్పాడు."

బాబు మిషన్లోకి ఎక్కించబోయిన కాయితం తీసి పక్కన పెట్టేశాడు. "అంత తొందరేం వచ్చిందమ్మా ఆయనకి?" అన్నాడు.

నేను సిగ్గుపడుతూ చెప్పాను. "పట్టుచీర కొనాలి బాబూ. పెళ్ళిరోజుకి."

"ప్రభూ జగన్నాథా!" అని బాబు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "హల్దియాపదర్‌లో అప్పడాలంటే, ఆ తెలుగావిడేనా? మా ఇంటికి ఆవిడే ఇస్తుంది" అన్నాడు.

"ఆవిడే! తెలిసినవాళ్ళే కదా, ఫీజు కాస్త చూసి తీసుకోండి."

"ఇలాంటి పనికి నేను ఫీజు తీసుకోను. ఇంటికెళ్ళమ్మా."

లోకంలో ఇంకా దేవుళ్ళున్నారనుకుంటూ స్నేహితురాలింటికి వెళ్ళి, భోంచేసి, సాయంత్రానికి ఇల్లు చేరాను. ఆ దేవుడు నాకంటే ముందే మా ఇంటికొచ్చి వెళ్ళాడు.

వరండాలో ట్రంకు పెట్టె. దానిమీద అత్త. అత్త చేతిలో అప్పడాల కర్ర. పక్కన వెనక వీధిలో కిరాణా కొట్టు నడిపే అత్త అన్నగారు, కొట్టు కట్టేసి మరీ వచ్చి కూర్చున్నారు.

"అత్తా, ఊరెళ్తున్నావా?"

"నువ్వు మాటాడకు! కోర్టుకాడికి నువ్వే ఎల్లినావట గదా? ఎసరెట్టమంటే నా సంసారానికే ఎసరెట్టినావేటే?"

చీర సంగతి బయటపడిపోయిందనుకున్నాను నేను. "ఎవరు చెప్పేశారత్తా? నీకు తెలీకుండా చెయ్యమన్నాడు మావయ్య!"

అన్నగారు గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. అప్పుడే మొగలి వాసన వచ్చింది. ఎసరెట్టమని ఎవరూ అనలేదు.

మావయ్య గడపలో అడుగుపెట్టగానే అత్త లేచింది. "రండి" అంది. అత్త మావయ్యని ఎప్పుడూ నువ్వనేది, మీరన్నదంటే ఉపద్రవమే. మావయ్య చెప్పులు విడవకుండా అక్కడే నిలబడిపోయాడు.

"మీకు ఛాడ కావాలా?"

మావయ్య నావంక కొరకొరా చూశాడు. ఇక దాచి లాభం లేదనుకుని ధైర్యం తెచ్చుకున్నాడు. "తెలిసిపోనాదా? అవును, కావాల. అయితే ఏటి? పాతికేళ్ళ నుంచీ అనుకుంతన్నాను, ఇప్పటికి కుదిరింది."

"పాతికేళ్ళ నుంచీనా!" అన్నారు అన్నగారు. "బావా, నీకిదేం బుద్ధి?"

"ఇందులో బుద్ధేటి బావా? గవర్నమెంటే ఇస్తన్నాది. మా బట్టీలో అందరూ తీసుకున్నారు."

"అందరూనా! అక్కడ తీసేది అత్తరా, సారాయా?"

అప్పుడు అత్త చేతిలో కర్ర కిందపడింది. "నానేటి తక్కువ సేసినాను? నీకు పిల్లల్ని ఇవ్వలేకపోనాను, అదొక్కటే గదా! ముందే సెప్పుంటే నానే ఎలిపోదును గదా" అని కొంగులో మొహం దాచుకుంది. అత్త ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. ఎందుకో తెలీకపోయినా నాకూ ఏడుపొచ్చేసింది.

మావయ్య హడలిపోయాడు. "ఓలమ్మ, సీర కొంతానంటే ఏడుస్తావేటే?"

"ఎవత్తికి?"

"ఎవత్తికేటి? నీకే! నీకు గాక నానెవత్తికి కొంతాను?"

అత్త కొంగులోంచి ఒక కన్ను బయటపెట్టింది. "ఛాడపత్రం ఇచ్చీసి, మల్లా నాకు సీరెందుకు?"

"పత్రమేటి? నాను అడిగింది టాక్సులో ఛాడ. పత్రమని ఎవులన్నారు?"

ముగ్గురూ ఒక్కసారి నావైపు తిరిగారు. ఎక్కడైనా ఎలక కన్నం దొరికితే దూరిపోదామా అనిపించింది.

"పన్ను వదిలేస్తే ఇచ్చే పత్రం కదా ఛాడపత్రం?" అన్నాను పీలగొంతుతో.

"పెళ్ళాన్ని ఒదిలేస్తే ఇచ్చేదమ్మా!" అన్నారు అన్నగారు. "విడాకులు!"

అయ్యో రాత! మేం వీధిలో ఎప్పుడూ డైవోర్సు అనేవాళ్ళమే గానీ, దానికో ఒడియా పేరుందని నాకేం తెలుసు! ముందు మావయ్య నవ్వాడు. ట్రంకు పెట్టె మీద చతికిలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అత్త నా వీపున ఒక్కటి చరిచి, తనూ నవ్వింది. తర్వాత మావయ్య భుజం మీద దుమ్ము లేకపోయినా దులిపి, "ఒచ్చాడు మీ మావ, ఎసరెట్టు" అంది. "ఈసారి పొయ్యి మీద."

రిబేటుకి ఏ పత్రమూ అక్కర్లేదని, రిటర్ను వేస్తే చాలని మా కాలేజీ మాస్టారు చెప్పారు. వేశాం. పెళ్ళిరోజు దాటాక గానీ డబ్బు బ్యాంకులో పడలేదు. టైపు బాబుకి అత్త పెద్ద అప్పడాల కట్ట ఊరికే ఇచ్చింది. ముగ్గురం పట్టుచీరల కొట్టుకి వెళ్ళాం. అత్త ఒక ఎర్రచీర ఒళ్ళో వేసుకుని, ధర విని, కొట్టాయనతో బేరానికి దిగింది.

"ఛాడ దిఅ బాబూ" అని కాస్త ఆగి, మావయ్యని ఓరగా చూసి, "పత్ర దరకార్ నాహిఁ" అంది.

తగ్గించి ఇయ్యి బాబూ, పత్రం మాత్రం అక్కర్లేదు అని. కొట్టాయనకి ఏమీ అర్థం కాలేదు. మావయ్య మాత్రం ఆ కొట్లోనే మళ్ళీ చతికిలబడ్డాడు.

ఇప్పుడు మావయ్య రిటైరయ్యాడు. శనివారాలు మామూలు రోజులైపోయాయి. అత్త మాత్రం ఆ ఎర్రచీర మడతల్లో ఒక మొగలి రేకు పెట్టి దాచుకుంటుంది. ఎప్పుడు వెళ్ళినా నేను ఆ ట్రంకు తెరిచి ఒకసారి వాసన చూసి వస్తాను.

ఆ చీర అంచు పట్టుకుని ఒట్టేశాను: ఈ జన్మలో ఏ భాషలోనూ ఏ మాటకీ 'పత్రం' తగిలించను. ఇప్పటిదాకా ఒట్టు తప్పలేదు. నా పెళ్ళికి ఒడియా శుభలేఖలు అచ్చువేయించాల్సి వస్తే, ప్రెస్సుకెళ్ళి 'నిమంత్రణ పత్ర' అని అడగడానికి అత్తనే పంపాను.