పూలతోటలో మా పాప తప్పిపోయిన రోజు

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్లి గిన్నెలు కడుక్కునే రకాన్ని నేను. ఇప్పటికీ అంతే. ఇది దెయ్యం కథ అని కూడా అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీకేమైనా అర్థమైతే సంతోషం.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని వైటూకే గొడవ జోరుగా ఉన్న రోజులవి. సిడ్నీలో, గిరావీన్‌లో ఓ చిన్న యూనిట్‌లో, అంటే అపార్ట్‌మెంట్‌లో, ఉండేవాళ్లం. మావారిది కోబాల్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. పక్క యూనిట్‌లో గుంటూరు నుంచి వచ్చిన షమీమ్, వాళ్లాయన రఫీ. అతనిదీ అదే పని. రెండిళ్లకీ కలిపి ఒక పాత కారు. ఇండియాకి ఫోన్ చెయ్యాలంటే కార్డు గీకి బారెడు నంబరు నొక్కాలి. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఇరుకులోనే ఎంత హాయిగా ఉన్నామో అనిపిస్తుంది.

అక్టోబర్‌లో ఓ శనివారం, ఆఫీసు పిలుపు లేని రోజు చూసుకుని, బ్లూ మౌంటెన్స్ కొండల్లో రోడోడెండ్రాన్ పూలతోటకి బయల్దేరాం. ఆ పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు. ఆకు గన్నేరులా ఉందని షమీమ్ దానికి "గన్నేరుగారి పెద్దక్క" అని పేరు పెట్టేసింది.

తోటంటే మడులు కట్టి ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే అది దట్టమైన వానల అడవి. పైన ఎత్తయిన యూకలిప్టస్ చెట్లు, కింద మనిషిని మించిన ఫెర్న్ చెట్లు, వాటి మధ్య గులాబీ, తెలుపు, ఊదా రంగుల పూలగుత్తులు. తడి దారి నిండా రాలిన పూలే. ఎక్కడో ఓ పిట్ట కొరడా ఝళిపించినట్టు అరుస్తోంది.

మనవాళ్లు ఎక్కడికెళ్లినా మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక. వాళ్లిద్దరూ వీసాల గొడవ మాట్లాడుకుంటూ ముందు పోయారు. మేమిద్దరం పులిహోర డబ్బాలు మోసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ వెనక. మా మూడేళ్ల పాప మేఘన వాళ్ల నాన్న దగ్గరుందని నేను, నా దగ్గరుందని ఆయన. తిండికి బల్ల దగ్గర కలిశాక గానీ తెలియలేదు.

"పాపేది?" అన్నాను.

"అదేంటి, నీతో లేదూ?" అన్నారు మావారు.

కింద లోయలో వాగు చప్పుడు వినిపిస్తోంది. చైల్డ్‌కేర్‌కి వెళ్తున్నా పాపకి అప్పటికి ఇంగ్లిష్ ముక్క రాదు. ఎవరైనా పలకరించినా పేరైనా చెప్పలేదు. అరుచుకుంటూ తలో దారీ పట్టాం. తోట చూసుకునే, తల నెరిసిన తెల్లావిడ కూడా నాతో పరుగెత్తింది. దేవుడా, నా బిడ్డని నాకిచ్చెయ్యి అని పైకే ఏడ్చేశాను.

కింది దారిలో, ఫెర్న్ చెట్ల నీడన బెంచీ మీద కూర్చుని ఉంది మేఘన. ఏడుపు లేదు, బెదురు లేదు. కాళ్లూపుకుంటోంది. వాటేసుకుని ముద్దులు పెట్టి, వీపు మీద ఒక్కటి వేసి, మళ్లీ ముద్దులు పెట్టాను.

"అమ్మమ్మ కూచోమంది. అమ్మొస్తుంది, కదలకు అంది," అంది.

తల నెరిసిన వాళ్లందరూ దానికి అమ్మమ్మలే. ఈ తెల్లావిడే ముందు కూర్చోబెట్టి ఉంటుందనుకుని థాంక్స్ చెప్పాను. "నేను కాదు లవ్, నేనూ నీతోనేగా వచ్చాను," అంది. బిడ్డ దొరికిన ఆనందంలో ఆ మాట ఎవరు పట్టించుకున్నారు?

తిరిగొచ్చేటప్పుడు, తడిసిపోయాయని షమీమ్ కారులో పాప బూట్లూ సాక్సూ విప్పింది.

"భలేదానివే అక్కా! దిష్టిచుక్క అరికాలికి పెట్టావా, ఎవరికీ కనపడకుండా?" అని నవ్వింది.

నేను పెట్టలేదు. ఎడమ అరికాలి మధ్యలో గుండ్రంగా, వేలితో దిద్దిన కాటుక. బుగ్గన పెడితే చైల్డ్‌కేర్‌లో మురికనుకుని తుడిచేస్తున్నారని ఎప్పుడో మానేశాను. ఇంట్లో కాటుక డబ్బా అయిపోయి కూడా చాన్నాళ్లయింది. ఆ పొద్దున దాని కాళ్లు కడిగి సాక్స్ తొడిగింది నేనే.

షమీమ్ నవ్వు ఆగిపోయింది. "ఒట్టు?" అంది. "ఒట్టు," అన్నాను.

ఎన్ని రకాలుగా ఆలోచించానో! మట్టేమో అనుకుందామంటే వేలికి జిడ్డుగా అంటింది. మనవాళ్లెవరైనా వచ్చారేమో అంటే, కార్ పార్కులో మా కారు, ఆ తెల్లావిడ కారు తప్ప వేరేవి లేవు. పోయిన పెద్దవాళ్లెవరో వచ్చారందామా, మా అమ్మ తెనాలిలో, అత్తగారు ఒంగోలులో అప్పటికి నిక్షేపంలా ఉన్నారు. ఆ కథ కూడా నాకు పనికిరాదు.

మేఘన ఇప్పుడు పెద్దదై, సిడ్నీలోనే రౌస్ హిల్‌లో ఉంటుంది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో బదులిస్తుంది. ఆ రోజు సంగతెత్తితే "మమ్, ఐ వాజ్ త్రీ!" అని కొట్టిపారేస్తుంది.

నాకు భయం మాత్రం వెయ్యలేదు. మనవాళ్లంటూ లేని చోట ఎవరో నా బిడ్డని చూసి, ఎంత ముద్దుగా ఉందో, దిష్టి తగులుతుందేమో అనుకున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండిపోతుంది. ఎవరంటే చెప్పలేను. ఎలాగంటే అసలే చెప్పలేను. ఆ సాయంత్రం పాపకి నీళ్లు పోసేటప్పుడు మాత్రం, ఆ కాలు టబ్బు బయటే పెట్టించాను.