కొర్రమీను పులుసు, ఒక లాటు బియ్యం

జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడాది రబీ సీజనులో నన్ను ఏలూరు ఆఫీసు నుంచి తాడేపల్లిగూడేనికి రెండు వారాల డ్యూటీ మీద పంపారు. ధాన్యం సేకరించే ఒక ప్రభుత్వ సంస్థలో నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. మిల్లర్లు మా ధాన్యం ఆడించి బియ్యం మాకు అప్పగిస్తారు. ఒక లారీకి సరిపడే బియ్యాన్ని లాటు అంటాం. బస్తాల్లోకి ఇనప గొట్టం గుచ్చి శాంపిల్ తీయడం, తేమ కొలవడం, పళ్ళెంలో పోసి నూకలు చేత్తో ఏరి తూచడం, పరిమితి దాటితే లాటు తిప్పి పంపడం నా పని. రబీ గింజ ఎండకి పెళుసెక్కి మరలో విరుగుతుంది. కాబట్టి ఆ సీజనులో మిల్లర్లకు బెంగా, మాకు మర్యాదలూ ఎక్కువవుతాయి.

అందుకే మాకొక కట్టుబాటు ఉండేది. మిల్లర్ దగ్గర మంచినీళ్ళు తప్ప మరేమీ పుచ్చుకోకూడదు. సర్వీసంతా దాన్ని పాటించి, లాడ్జీల పక్క హోటళ్ళలో సోడా ఉప్పు ఇడ్లీలు తిని, కడుపు పాడుచేసుకున్నాను. రిటైర్‌మెంటు దగ్గరపడుతున్న ఆ ఏడాది మాత్రం లాడ్జికి వెళ్ళలేదు. ఏలూరులో డిగ్రీ చదివిన రోజుల్లో నా గదిలో ఉన్న కరీం గూడెంలో టైలరు. అతని ఇంట్లో దిగాను. స్నేహితుడింట్లో ఉండకూడదని ఏ సర్క్యులర్లోనూ లేదు. రెండుసార్లు చదివి చూసుకున్నాను.

కరీం భార్య మెహరున్నీసా వంట గురించి అంతకుముందు విన్నానే గాని తినలేదు. మొదటిరోజు గోంగూర మాంసం పెట్టింది. రెండోరోజు కొర్రమీను వేపుడు. మూడోరోజు బొమ్మిడాయిల పులుసు. నాలుగోరోజు మామిడికాయ ముక్కలేసిన కొర్రమీను పులుసు. ఆ పులుసు తింటున్నప్పుడు నేనేమీ మాట్లాడలేదని, పిలిస్తే పలకలేదని కరీం తర్వాత చెప్పాడు. ఒక టైలరు ఇంటికి వరసగా రెండు రోజులు కొల్లేటి చేప ఎలా వస్తోందన్న అనుమానం నాకు మూడోరోజే కలిగింది. అంతలో ఆవిడ ఇంకో ముక్క వేసింది. అనుమానం పక్కకు జరిగింది.

అయిదోరోజు ఉదయం ఊరి చివర ఒక మిల్లుకి వెళ్ళాను. ఓనరు రాజుగారికి ముదినేపల్లి వైపు చేపల చెరువులు కూడా ఉన్నాయి. మెత్తటి మనిషి. నేను గొట్టం బస్తాలో గుచ్చి ఉండగా పక్కకు వచ్చి, "ఏవండీ, నిన్నటి కొర్రమీను పులుసు పెట్టారాండీ, వేపుడు చేశారాండీ?" అని అడిగారు.

గొట్టం బస్తాలోనే ఉండిపోయింది. "మీకెలా తెలుసండీ?" అన్నాను.

"మనం పంపిందే కదండీ. పులుసైతే మామిడికాయ వేయమని కబురు కూడా పెట్టానండీ" అన్నారు, ఎంతో వినయంగా.

ఇప్పుడు ఆ లాటు పాస్ చేస్తే కొర్రమీను పాస్ చేయించినట్టు. ఫెయిల్ చేస్తే నా నిజాయితీ చూపించుకోవడానికి ఆయన బియ్యాన్ని బలిచేసినట్టు. శాంపిల్ సంచీ సీలు వేసి, ఇద్దరం సంతకాలు చేసి, ఏలూరులో మా ఏరియా మేనేజరు శారదగారికి ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, జరిగింది రాసి ఉంచమన్నారు. రేపు తనే వచ్చి పరీక్ష చేస్తానన్నారు.

మధ్యాహ్నం కరీంని నిలదీశాను. "రాజుగారు తన లాల్చీలు బాగా కుట్టానని పంపారనుకున్నాన్రా" అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ.

"ఇరవై ఏళ్ళ నుంచి కుడుతున్నారు కదండీ, ఇన్నాళ్ళూ ఒక్క పరిగె చేప కూడా రాలేదే" అంది మెహరున్నీసా లోపల్నుంచి. "చేప వచ్చిన మొదటిరోజే నేను అన్నానండీ, అన్నయ్యగారూ."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అంత ఇష్టంగా తింటుంటే ఎలా చెప్పనండీ?"

సంచీ సర్దుకుని లాడ్జికి మారాను. అక్కడ కూర్చుని, పై చేపలను ఎవరు పంపారో తెలియక భుజించితిని అని ఒక పేజీ స్టేట్‌మెంటు రాశాను.

మర్నాడు శారదగారు మిల్లులోనే కుర్చీ వేసుకుని దాన్ని చదివారు. పెన్ను తీసి 'తెలియక' అన్న మాట చుట్టూ గీత గీశారు. "రెండోరోజు తెలియలేదు, సరేనండీ. మూడోరోజు కూడా తెలియలేదాండీ?" అన్నారు. నేను పెన్ను అందుకున్నాను. ఆ మాట కొట్టేసి, 'అడగక' అని రాసి, పక్కన పొట్టి సంతకం చేశాను.

తర్వాత ఆవిడ సీలు విప్పి, నూకలు ఒక్కొక్కటీ ఏరి, రెండుసార్లు తూచారు. నేను దూరంగా నిలబడ్డాను. రాజుగారు తడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నారు. నూకలు పరిమితికి బాగా లోపలే ఉన్నాయి. లాటు పాసైంది.

"అయితే ఊరికే పాసయ్యేదేనాండీ?" అన్నారు రాజుగారు. ఆయన గొంతులో సంతోషం కంటే బాధే ఎక్కువ వినిపించింది. "అయ్యో, ఆ పెద్ద కొర్రమీను మా బావగారికి పంపాల్సిందండీ."

శారదగారు నవ్వలేదు. నాకు హెచ్చరిక మెమో, రాజుగారికి సంజాయిషీ నోటీసు అక్కడే రాసి ఇచ్చారు. కారెక్కబోతూ, ఆ మామిడికాయ ముక్కలు తొక్కతో వేశారా, తీసి వేశారా అని నన్ను అడిగారు. తొక్కతోనే అని చెప్పాను.

మిగిలిన రోజులూ లాడ్జి ఇడ్లీలే తిన్నాను. డ్యూటీ అయిపోయి, నాకు గూడెం మిల్లులతో పని తీరిపోయాక, ఒక ఆదివారం మళ్ళీ కరీం ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఆ వేళ సొరకాయ పప్పు, వంకాయ కూర.

ఉద్యోగంలో మా కట్టుబాట్లన్నీ ఎవరు ఇస్తున్నారన్న దాని గురించే ఉంటాయి. ఎప్పుడు అడగాలన్నది వాటిలో ఉండదు. నేను నేర్చుకున్నది అదే. ఎక్కడిదన్న ప్రశ్న మొదటి ముద్దకు ముందే అడగాలి. రుచి చూసినవాడికి ఆ ప్రశ్న గుర్తురాక కాదు, అడగబుద్ధి కాదు.