మొద్దు గుంట

చింతపల్లి వెళ్లే షేర్ జీపులో నా పక్కన కూర్చున్న గిరిజన స్త్రీ తన కూతురి గురించి చెప్పింది.

“ఏటి సెప్పినా మరిసిపోయేది. మొద్దు గుంటని నేనే తిట్టేదాన్ని బాబూ. మెడ వాస్తే, దిష్టనీసి ఇంకో పూసలదండ ఏసినాను. నర్సమ్మ దండలన్నీ తీయించి సూసి, థైరాయిడ్ అంది. మాత్రలు మింగినాక ఇప్పుడు నాకే సదువు సెప్తంది!”

నా భార్య చివరి రెండేళ్లూ ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేది. పొయ్యి మీద పాలు మరిచిపోయేది. శ్రద్ధ లేదని రోజూ విసుక్కునేవాణ్ణి. ఆస్పత్రిలో ఇదే జబ్బు పేరు చెప్పిన వారానికే ఆమె పోయింది.

“మా ఆవిడకీ మరుపే,” అన్నాను.

“అయితే బేగి సూపించండి బాబూ. తిట్టకండి.”

“సరే,” అన్నాను.